నాలుగు గీతల పుస్తకం

ఏడు దాటి పది నిమిషాలయింది. అద్దాల తలుపు అవతల మేనేజరు జిగ్నేశ్‌భాయ్ ఇంకా ఫోనులోనే ఉన్నాడు, ఆయన పెదాలు కదులుతున్నాయి, ఇవతల చెక్క బల్ల మీద నేను కూర్చున్నాను, కూర్చున్నాను అన్న మాట మనసులో అనుకుంటేనే ఎంత హాయిగా ఉందో, కానీ పొద్దున ఏడింటి నుంచి నిలబడ్డ కాళ్ళు దాన్ని నమ్మడం లేదు. మోకాళ్ళలో సాంచాలు ఇంకా నడుస్తున్నాయి. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. నా చేతి కింద ఎనిమిది సాంచాలు, వాటి మధ్య సందులో పన్నెండు గంటలు అటూ ఇటూ, రోజుకు ఎంత దూరమవుతుందో ఎవరూ కొలవలేదు, కొలిస్తే ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో సూరత్ నుంచి భద్రాచలానికి ఎన్నోసార్లు నడిచి వచ్చి ఉంటాను, దేవుడు మాత్రం కనిపించలేదు, పోగులే కనిపించాయి. అలా అనుకోకూడదు. తప్పు. చెంపలు వేసుకుందామని చెయ్యి ఎత్తితే చొక్కా చేతి మీద మరక కనిపించింది. ఎండిపోయి గోధుమ రంగుకు తిరిగింది. పరుశురాం రక్తం. మధ్యాహ్నం మూడు గంటలకు పద్నాలుగో సాంచ బెల్టులో వాడి కుడిచెయ్యి పడింది. వాడిని ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను మిగిలిన నాలుగు గంటలూ నా సాంచాలతో పాటు వాడివి కూడా చూసుకుని, చేతులు కడుక్కుని, ఇప్పుడు ఇక్కడ పరీక్ష కోసం కూర్చున్నాను.

పరీక్ష అంటే పెద్దదేమీ కాదు. లోపల ఆకుపచ్చ అట్ట రిజిస్టరు ఒకటి ఉంటుంది. ప్రతి షిఫ్టు చివర ఆ రోజు ఏం జరిగిందో అందులో ఇంగ్లీషులో రాయాలి. మా బట్ట కొనే పెద్ద కంపెనీ వాళ్ళు మూడు నెలలకొకసారి వచ్చి దాన్ని తిరగేసి చూస్తారట, వాళ్ళకు గుజరాతీ రాదు, తెలుగు అసలే రాదు. ఇదివరకు రాసే ఆయన మానేసి వెళ్ళిపోయాడు. ఆ పని చేసేవాడికే బట్ట పరీక్షించే బల్ల దగ్గర కుర్చీ కూడా ఇస్తారు. వెలుగు బల్ల మీద బట్ట జారుతూ ఉంటే కూర్చుని చూడడం, తెగిన పోగు దగ్గర సుద్దతో గీత పెట్టడం, సాయంత్రం రిజిస్టరు రాయడం. ఆ బల్లా, కుర్చీ అద్దాల తలుపు లోపలే ఉంటాయి, కుర్చీకి నీలం రంగు దిండు ఉంది. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో. నా మోకాళ్ళ సంగతి తెలిసిన జిగ్నేశ్‌భాయే రెండు నెలల కింద అన్నాడు, కాకా, ఇంగ్లీషు నాలుగు ముక్కలు రాయడం నేర్చుకో, ఆ కుర్చీ నీకే ఇస్తాను అని. పోయిన వారమే చెప్పాడు, శుక్రవారం షిఫ్టు రిపోర్టు నువ్వే రాయాలి, అదే నీ పరీక్ష అని. శుక్రవారం వచ్చింది. ఈ రోజే శుక్రవారం. ఈ రోజే ఎందుకు?

మేము చదివింది లింబాయత్‌లో తెలుగు బడి, మున్సిపాలిటీది, ఏడో తరగతి దాకా. సూరత్‌లో తెలుగు బడి ఏమిటని మా ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఆశ్చర్యపోయేవారు. ఇంగ్లీషు చివర్లో కొంచెం చెప్పారు, సారు బోర్డు మీద రాస్తే చూసి రాయడమే, ఏం రాశామో సారూ అడగలేదు, మేమూ అడగలేదు. ఆ తర్వాత నాన్న ఖటోదరాలో తను పనిచేసే షెడ్డుకే తీసుకుపోయాడు. అక్కడ సాంచ మీద రాసి ఉన్న ఇంగ్లీషు అక్షరాలను నూనె గుడ్డతో తుడిచేవాణ్ణి, అంతవరకే నాకూ ఇంగ్లీషుకూ. ఇప్పుడు యాభై మూడో ఏట కూతురు సుమన నాలుగు గీతల పుస్తకం కొని తెచ్చింది. చిన్నపిల్లలు రాసేది. నీలం గీతలు, మధ్యలో ఎర్ర గీతలు. కాలేజీ రెండో ఏడు చదువుతోంది, తనకు పరీక్షలున్నా సాయంత్రం పావుగంట నా కోసం పెట్టింది. జిగ్నేశ్‌భాయ్ ఇచ్చిన పాత రిపోర్టు కాగితంలో ఉన్న వాక్యమే పుస్తకంలో మొదటి గీతమీద రాసి ఇచ్చింది. ఆల్ లూమ్స్ ఆర్ రన్నింగ్. నో ప్రాబ్లం ఇన్ దిస్ షిఫ్ట్. సాంచాలన్నీ నడుస్తున్నాయి, ఈ షిఫ్టులో ఏ ఇబ్బందీ లేదు. నేను స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చాప మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను.

నాకు రాయడం అంటే ఒకటే తెలుసు. రామకోటి. నా భార్య పద్మారాణి, నేను ఇద్దరం రాస్తాం. గడిగడికీ ఒక శ్రీరామ, పేజీకి ఇన్ని అని, పుస్తకం నిండాక ఇంకో పుస్తకం, అన్నీ కట్టగట్టి భద్రాచలంలో ఇచ్చి రావాలని మొక్కు. నాలుగో పుస్తకంలో ఉన్నాను. రాసేటప్పుడు మాట్లాడకూడదు, గడి వదలకూడదు, కొట్టివేత ఉండకూడదు. ఇంగ్లీషు కూడా అలాగే రాశాను. అదే వాక్యం. ఒక గీత కింద ఇంకో గీత, ఒక పేజీ తర్వాత ఇంకో పేజీ. పదిహేను రోజుల్లో పుస్తకం సగానికి వచ్చింది. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి, నాకే ముచ్చటేసింది. ఆ రోజు సుమన పుస్తకం తెరిచి ఒక పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది, గబగబా చివరిదాకా తిప్పింది.

"బాపూ, గిదేంది? ఎన్ని పేజీలు గిట్ల?"

"నలభై రెండు. ఒక్క కొట్టివేత లేదు సూడు."

"అన్నీ ఒక్కటే లైను గదా! ఇంగ్లీష్ నేర్చుకుంటున్నవా, రామకోటి రాస్తున్నవా?"

వంటింట్లోంచి పద్మారాణి, "రాయనియ్యే, నీకేమైంది? సక్కగ రాస్తుండు. నీ లెక్క కోడి గెలికినట్టు రాస్తలేడు" అంది.

"మమ్మీ, సక్కగ రాసుడు కాదు, సోచ్‌కే, ఆలోచించి రాయాలె. బాపూ, గీ లైను నీకు పక్కా వచ్చింది, ఓకే. రేపు సాంచ ఆగిందనుకో. అప్పుడేం రాస్తవ్?"

"ఆగకుంట సూసుకుంట."

తల్లీ కూతుళ్ళు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. సాంచ ఆగకుండా చూసుకోవడం నా చేతిలో ఉన్నట్టు.

తర్వాత సుమన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. రాముని పేరు ఎన్నిసార్లు రాసినా తప్పు లేదు బాపూ, అది మొక్కు. ఇది వేరే. ఇది చూసిందే రాయాలె. ఎవరు, ఏమైంది, ఎప్పుడు, గీ మూడు రాస్తే సాలు. మరి తప్పులు వస్తే? అన్నాను. వస్తయి. నేను దిద్దుత. తప్పు రాసింది దిద్దొచ్చు, అసలు రాయందాన్ని నేనెట్ల దిద్దాలె? ఇరవై ఏళ్ళ పిల్ల అన్న మాట. నేను పెన్ను మూత తీసి కొత్త పేజీ తిప్పాను.

ఆ రోజు నుంచి రోజుకొక్క సొంత మాట. ఒక్క వాక్యం. అమ్మో, ఆ ఒక్క వాక్యానికి ఎంత అలసట! నలభై రెండు పేజీలు రాసినప్పుడు రాని చెమట ఒక్క వాక్యానికి వచ్చేది. చూసి రాసేటప్పుడు చెయ్యి పోతూ ఉంటే మనసుకు విశ్రాంతి, ఇక్కడ చెయ్యి ఆగిపోతుంది, మనసు వెతుకుతుంది, ముందు తెలుగులో దొరకాలి, అది చిన్నది చేయాలి, ఇంకా చిన్నది చేయాలి, అప్పుడు ఒక్కో ఇంగ్లీషు మాట. పడుగు చుట్టిన బీము అయిపోయినప్పుడు కొత్త బీము పోగుల్ని పాత పోగుల చివరలకు ఒక్కొక్కటే వేళ్ళతో పేని అతుకుతాం, వేల పోగులు, పాతదాన్ని పూర్తిగా తీసేసి కొత్తది పెట్టడం ఉండదు, పాతదే కొత్తదాన్ని లాక్కుపోవాలి. నేనూ అలాగే చేసుకున్నాను. నిన్న రాసిన వాక్యాన్ని ఈ రోజు పైన మళ్ళీ రాసి దాని కొసకు కొత్తది అతికేవాణ్ణి. మొదటి రోజు, టుడే రైన్. సుమన అడిగింది, వాన వడితే ఎవరు తడిసిండ్రు? మర్నాడు, టుడే రైన్, పద్మారాణి వెట్. పద్మారాణి వచ్చి ఏం రాసినవ్ అంది. నువ్వు వానలో తడిసినవని రాసిన అన్నాను. నా పేరు ఇంగ్లీషుల రాసినవా? అని చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది, ఎక్కడ నా పేరు, గిక్కడా? అప్పుడే తట్టింది నాకు, ఇన్నేళ్ళలో నేను దేవుడి పేరు తప్ప, సంతకంలో నా పేరు తప్ప, ఇంకొక మనిషి పేరు కాగితం మీద రాయలేదని. కొన్ని రోజులు రాస్తూనే కునుకు పట్టేది, అక్షరం తోక తెగిన పోగులా కిందికి జారిపోయేది, మర్నాడు చూస్తే దాని పక్కన ఎర్ర సిరాతో స్లీపింగ్ అని ఉండేది. అదొక మాట నేర్చుకున్నాను.

లోపల జిగ్నేశ్‌భాయ్ ఫోను మార్చి ఇంకో చెవికి పెట్టుకున్నాడు. ఈయనకూ ఈ రోజు అలసటే. పరుశురాంను తన సొంత కారులో ఆయనే తీసుకుపోయాడు, అంబులెన్సు కోసం ఆగలేదు, సీటంతా రక్తమైనా ఏమీ అనలేదు. చెడ్డవాడని ఎలా అనను? ఆరింటికి తిరిగి వచ్చి నా సాంచాల దగ్గరికే వచ్చాడు. భుజం మీద చెయ్యి వేసి చెవి దగ్గర నోరు పెట్టి హిందీలో చెప్పాడు. కాకా, దవాఖానాలో అంతా చూసుకుంటారు, నువ్వు బెంగపడకు. పరుశురాం మెట్ల మీద జారి పడ్డాడని మా మనిషి అక్కడ చెబుతున్నాడు. నువ్వు రోజూ రాసేదే రాసెయ్, ఆల్ లూమ్స్ రన్నింగ్, నీకు బాగా వచ్చు కదా. వచ్చే వారం కంపెనీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, వాళ్ళు ఆర్డరు ఆపేస్తే అరవై మంది ఇంట్లో కూర్చోవాలి. సోమవారం నుంచి నువ్వు కుర్చీలో. నేను తల ఊపాను. సాంచాల చప్పుడులో తల ఊపడం అంటే వినిపించింది అని కూడా, సరే అని కూడా. ఏ తల ఊపానో నాకే తెలియదు.

పద్నాలుగో సాంచ బెల్టుకు రేకు మూత ఉండేది. నాలుగు రోజుల కింద రిపేరుకని తీశారు, గోడకు ఆనించి పెట్టారు. రోజూ దాన్ని దాటుకునే నీళ్ళ కుండ దగ్గరికి పోయాను. ఎవరో ఒకరు పెడతారులే అనుకున్నాను. పరుశురాం కూడా అలాగే అనుకుని ఉంటాడు. పద్మారాణికి చిన్నాన్న కొడుకు వాడు, నాకు బామ్మర్ది, వాడి సాంచాలు నా వాటికి ఎదురు వరుస. నేను ఇంగ్లీషు మొదలుపెట్టాననే కబురు ఏ నోట విన్నాడో ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. సచిన్‌లోని మిల్లుకు వచ్చే బస్సులో అందరి ముందూ లేచి నిలబడేవాడు.

"జరుగుర్రి జరుగుర్రి, లండన్ దొర వచ్చిండు, సీటియ్యిర్రి. బావా, గుడ్ మార్నింగ్!"

"కూసోరా, నవ్వుతరు."

"గట్లెట్ల? రేపు నువ్వు కుర్సీల కూసున్నంక నన్ను గుర్తువడుతవా? హూ ఆర్ యూ అంటవేమో!"

"నీ బట్టల తప్పులు దొరికితే అంట."

"అమ్మో, అక్కకు జెప్త. నా బట్టకు సుద్ద గీత వెడితే రాత్రి నీకు అన్నం వెట్టద్దని జెప్త."

బస్సంతా నవ్వేది. వాడికి నవ్వించడం వచ్చు. వాడి చేతులకు నేత వచ్చు. ఏటా శ్రావణంలో జంధ్యాలు మార్చుకునే నూలు పున్నమికి మా కులదైవం మార్కండేయుడి ఊరేగింపులో బండి మీద చిన్న మగ్గం పెడతారు, బండి కదులుతూ ఉండగానే దేవుడికి ఒక వస్త్రం నేయాలి, గతుకుల్లో పోగు తెగకూడదు. మూడేళ్ళుగా ఆ మగ్గం మీద కూర్చునేది పరుశురామే. ఇంకో పదకొండు రోజుల్లో పున్నమి. రెండు వేళ్ళు నలిగాయని చెప్పాడు జిగ్నేశ్‌భాయ్. చూపుడువేలు, మధ్యవేలు. నిలుస్తాయో లేదో డాక్టర్లు ఇప్పుడే చెప్పలేమన్నారట.

సాంచాల మధ్య మాట వినపడదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను మనుషుల మాటలు విన్నది తక్కువ, చూసింది ఎక్కువ. పెదాలు చూసి తెలుసుకుంటాం, చేతులతో చెప్పుకుంటాం. నీళ్ళు కావాలంటే బొటనవేలు, సేఠ్ వస్తున్నాడంటే మీసం మెలేయడం. పరుశురాం కొత్తగా ఒకటి కనిపెట్టాడు. ఎదురు వరుసలోంచి నా వైపు తిరిగి నోరు బార్లా తెరిచి, చెయ్యి పైకెత్తి, గుడ్ మార్నింగ్. రోజుకు పది సార్లు. మధ్యాహ్నం కూడా గుడ్ మార్నింగే. నేను నుదుటికి చెయ్యి పెట్టి దొరలా సలాం కొట్టాలి. కొట్టకపోతే మళ్ళీ చేస్తాడు.

జేబులో ఫోను కదిలింది. ప్రమీల. పరుశురాం భార్య. బల్ల మీంచి లేచి గోడ వైపు తిరిగి, రెండో చెవి మూసుకుని ఎత్తాను.

"అన్నా, ఎక్కడున్నవే?"

"కార్ఖానలనే ఉన్న చెల్లె. వానికెట్లుంది?"

"లోపటికి తీసుకపోయిండ్రు. గిక్కడ డాక్టరమ్మ కాయితం రాస్తుంది, ఎక్కడ తగిలింది, ఎట్ల తగిలింది అని అడుగుతుంది. మీ సేఠ్ మనిషేమో సీడీ మెట్ల మీంచి పడ్డడు అంటుండు. ఈయనేమో లోపటికి పోయేటప్పుడు సాంచ సాంచ అనుకుంటనే పోయిండు. నేనేం జెప్పాలె?"

నేను అద్దాల తలుపు వైపు చూశాను.

"మిల్లుల జరిగిందంటే మిల్లుల రాసి ఉందా అంటుంది డాక్టరమ్మ. రాసి ఉంటదా అన్నా? నువ్వు ఆడనే ఉన్నవ్ గదా. నువ్వు సూసినవ్ గదా."

"జర ఆగు చెల్లె. నేను జెప్త. పది నిమిషాలాగు."

పెట్టేసి మళ్ళీ బల్ల మీద కూర్చున్నాను. నువ్వు చూశావు కదా. చూశాను ప్రమీలా. నీకు చెప్పనిది, జిగ్నేశ్‌భాయ్‌కు చెప్పనిది, ఇంటికి పోతే పద్మారాణికి ఎలా చెప్పాలో తెలియనిది అదే. మూడు గంటలకు నేను పోగు అతికి తల ఎత్తాను. ఎదురుగా పరుశురాం నా వైపే చూస్తున్నాడు. నోరు బార్లా తెరిచి ఉంది. ఎడమ చెయ్యి పైకి లేచి ఉంది. నేను నవ్వాను. నవ్వి, నుదుటికి చెయ్యి పెట్టి సలాం కొట్టాను. వాడు నోరు మూయలేదు. వీడు ఇంకా వదలడే అనుకుని ఇంకోసారి కొట్టాను. అప్పుడు చూశాను, కుడి చెయ్యి కనిపించడం లేదని. ఎంతసేపయి ఉంటుంది? రెండు క్షణాలా, మూడా? పరుగెత్తి స్విచ్చు కొట్టాను, అందరూ మెచ్చుకున్నారు, కాకా ఎంత తొందరగా ఆపాడు అని. ఆ మూడు క్షణాలు ఎవరికీ తెలియవు. వాడికి తెలుసు. చెయ్యి నలుగుతూ ఉంటే ఎదురుగా బావ నవ్వుతూ సలాం పెట్టడం వాడు చూశాడు.

రామా.

జంధ్యం చెమటకు వీపుకు అంటుకుపోయింది. గుడిలో అయ్యవారిని ఒకసారి అడిగాను, రామకోటి రాసేటప్పుడు మనసు ఎటో పోతుంది స్వామీ, సాంచాల మీదికి, పిల్ల ఫీజు మీదికి, అప్పుడు రాసినవి లెక్కకు వస్తాయా అని. ఆయన మంచివాడు, నవ్వి, మనసు పోయినా చెయ్యి రాస్తూ ఉంటే చాలు సోమలింగం, చేతి పుణ్యం కూడా చేరుతుంది అన్నాడు. ఎంత ఊరటగా అనిపించిందో ఆ రోజు. ఇప్పుడు ఇంకోటి అడగాలనిపిస్తోంది. చేతి పుణ్యం చేరేటట్టయితే చేతి అబద్ధం కూడా చేరుతుందా? మనసు వద్దంటున్నా చెయ్యి అలవాటుగా రాసేస్తే? నలభై రెండు పేజీలు రాశాను ఆ వాక్యాన్ని, విభూతి పెట్టుకుని, ఒక్క కొట్టివేత లేకుండా. కళ్ళు మూసుకుని రాయగలను. నిద్రలో రాయగలను. ఇంత అలసటలో నా చేతికి అదొక్కటే వస్తుంది, మిగతావి రావు. బహుశా దేవుడికి కూడా తెలుసు. ఈ మనిషి అలసిపోయాడు, మోకాళ్ళు అరిగిపోయాయి, ఒక కుర్చీ అడిగాడు, ఇద్దాంలే అనుకున్నాడేమో. మరి ఈ రోజే ఎందుకయ్యా పెట్టావు? నిన్న పెట్టి ఉంటే నిన్న సాంచాలన్నీ నడిచాయి కదా. నిన్న అదే వాక్యం నిజం కదా. అరవై మంది సంగతి కూడా ఉంది. కంపెనీ వాళ్ళు నిజంగా ఆర్డరు ఆపేస్తారా? ఆపకపోవచ్చు. ఆపవచ్చు. ఆ రేకు మూత సంగతి వాళ్ళకు తెలియకపోతే అది గోడకు ఆనుకునే ఉంటుంది, రేపు పద్నాలుగో సాంచ మీద ఇంకొకరు నిలబడతారు. నాకు తెలియదు. నాకు ఏమీ తెలియదు. నిద్ర వస్తోంది.

అద్దాల తలుపు తెరుచుకుంది. "కాకా, ఆజావ్."

లోపల ఏసీ చల్లగా ఉంది. తలుపు మూయగానే సాంచాల చప్పుడు ఎవరో గొంతు నొక్కినట్టు ఆగింది, నా చెవుల్లోది మాత్రం ఆగలేదు. జిగ్నేశ్‌భాయ్ నీలం దిండు కుర్చీని ఆయనే లాగి, "బైఠో కాకా, ఆరామ్ సే లిఖో" అన్నాడు, రిజిస్టరు తెరిచి పెట్టాడు. కూర్చున్నాను. ఇంత మెత్తగా ఉంటుందనుకోలేదు. నడుము వెనక్కి ఆనింది, మోకాళ్ళు మడతపడి అలా ఉండిపోయాయి, కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, ఎందుకో నాకే తెలియదు, ఒంటికి సుఖం తగిలితే వస్తాయి కాబోలు. రిజిస్టరులో నిన్నటి పేజీ ఎడమ వైపు ఉంది, జిగ్నేశ్‌భాయ్ చేతిరాత. ఆల్ లూమ్స్ ఆర్ రన్నింగ్. మొన్నటిది తిప్పాను. అదే. దాని ముందుది. అదే. ఇంకా వెనక్కి, వేరే చేతిరాత, మానేసి పోయినాయనది, అదే వాక్యం. పేజీల కొద్దీ. ఏ పేజీలోనూ ఒక్క మనిషి పేరు లేదు. ఇన్ని నెలల్లో ఇక్కడ ఎవరికీ జ్వరం రాలేదా, ఎవరి వేలూ తెగలేదా? పోయిన చలికాలంలో ముసలి పరమేశ్వర్ నా కళ్ళ ముందే కళ్ళు తిరిగి పడ్డాడు, ఆ రోజు పేజీ వెతికాను. సాంచాలన్నీ నడుస్తున్నాయి. నిజమే, ఆయన పడినా సాంచాలు నడిచాయి. నా నాలుగు గీతల పుస్తకం కూడా ఇలాగే ఉంది, ఈ రిజిస్టరుకు తోడుపుట్టిన దానిలా.

పెన్ను పెట్టాను. చెయ్యి దానంతట అదే మొదటి అక్షరం రాసేసింది. ఏ. ఆల్‌లో ఏ. ఎంత అందంగా వచ్చిందో.

దాని మీద అడ్డంగా గీత గీశాను. రామకోటిలో ఇంతవరకు ఒక్క గడి కొట్టివేయని చెయ్యి. జిగ్నేశ్‌భాయ్ ఫోను చూసుకుంటున్నాడు.

ఎవరు? పరుశురాం. ఆ పేరు ఇంగ్లీషులో నేనెప్పుడూ రాయలేదు. పెదాలతో చెప్పుకుంటూ ఒక్కో అక్షరం అతికాను, మధ్యలో ఒకటి ఎక్కువైందో తక్కువైందో. ఏమైంది? హ్యాండ్ వచ్చు. బెల్ట్ సాంచ మీదే రాసి ఉంటుంది, వచ్చు. పడింది అనడానికి ఏమనాలో రాలేదు, చాలాసేపు రాలేదు. వాన పడింది, మనిషి పడ్డాడు, చెయ్యి పడింది, తెలుగులో అన్నీ పడడమే, ఇంగ్లీషులో ఏది ఏదో. గో అని రాశాను. లూమ్ నంబర్ ఫోర్టీన్. ఎప్పుడు? త్రీ ఓక్లాక్. కవర్ నాట్ దేర్, ఫోర్ డే. ఆగాను. ఇంకోటి ఉంది. అది రాయమని ఎవరూ అడగలేదు, అది రాయకపోతే ఎవరికీ తెలియదు. ఐ సీ. ఐ లేట్. అంతకన్నా నాకు ఇంగ్లీషు రాదు. కింద సంతకం పెట్టాను. అక్షరాలు గీత మీద లేవు, కొన్ని పైకి, కొన్ని కిందికి, గతుకుల్లో నేసిన బట్టలా ఉంది.

జిగ్నేశ్‌భాయ్ రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. చూశాడు. ఇంకా చూశాడు. కొట్టివేసిన ఏ మీద వేలు పెట్టాడు. మొహంలో కోపం కాదు, అలసటే కనిపించింది, నా అలసటలాంటిదే. "కాకా, యే క్యా లిఖా హై? పఢ్‌కే సునావో" అన్నాడు. చదివి వినిపించమని. అర్థం కాక అడిగాడో, నా నోట వినాలని అడిగాడో తెలియదు.

కుర్చీలోంచి లేచాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. దిండు మీద నేను కూర్చున్న గుంట ఇంకా పైకి లేవలేదు. కుర్చీని బల్ల కిందికి జరిపాను. అప్పుడే ఫోను కదిలింది, ప్రమీల, పది నిమిషాలయినట్టుంది. ఎత్తి, "ఆగు చెల్లె, పెట్టెయ్యకు" అని ఫోనును రిజిస్టరు పక్కన పెట్టాను. రాసింది పైకి చదివితేనే నీది అవుతుంది బాపూ అంటుంది సుమన. సాంచాల దగ్గర అరిచి అరిచి నా గొంతు ఎప్పుడూ పెద్దదే, ఈ చల్లటి గదిలో అది ఇంకా పెద్దగా వినిపించింది. వేలు పెట్టి, ఒక్కో మాట, ఇంగ్లీషులో జిగ్నేశ్‌భాయ్‌కు మొదటి నుంచి చివరిదాకా చదివాను.

తర్వాత ఫోను చేతిలోకి తీసుకుని అదే పేజీ ప్రమీలకు తెలుగులో చదివాను.

"పరుశురాం చెయ్యి బెల్టుల వడ్డది. పద్నాలుగో సాంచ. మూడు గంటలకు. మూత నాలుగు దినాల సంది లేదు. నేను సూసిన. నేను ఆలస్యంగ సూసిన. గిది ఈడ రాసి ఉంది చెల్లె. డాక్టరమ్మకు గట్లనే జెప్పు."

అవతల దవాఖానా గోల వినిపించింది, ఎక్కడో ఎవరో పేరు పిలుస్తున్నారు. దాని మీంచి ప్రమీల గొంతు వచ్చింది.

"ఇంకోసారి జెప్పు అన్నా. డాక్టరమ్మ రాసుకుంటుంది."

నేను రిజిస్టరును నా వైపు తిప్పుకుని, వేలు మళ్ళీ మొదటి మాట కింద పెట్టాను.